సిస్టరుగారి నైటీ

సిస్టరుగారు పోయిన రోజున మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆవిడ ఫోటో పెట్టారు. ఉద్యోగంలో ఉన్నప్పటిది. గంజి పెట్టిన తెల్లచీర, భుజం మీద మడతలు సర్ది గుచ్చిన పిన్ను, బిగించి వేసిన ముడి, ఫోటో తీసేవాడికి కూడా ఇంజెక్షను వేసేలా ఉన్న చూపు. దాని కింద అందరూ వరసపెట్టి చేతులు జోడించారు. "నిండైన మనిషి" అని ఒకాయన రాశారు. "ఆడవాళ్ళంటే అలా ఉండాలి" అని ఇంకొకాయన రాశారు. ఫోటోకి వంక పెట్టడానికేం లేదు గానీ, ఆ రెండో మాట చూసి నాకు ఒళ్ళు మండింది. అలా ఉండనని చెప్పడానికి సిస్టరుగారు మా సెల్లార్లో ఎంత పోట్లాట పెట్టుకున్నారో ఆ రాసినాయన పక్క కుర్చీలోనే కూర్చుని చూశారు. జనం ఎంత తొందరగా మరిచిపోతారో.

నేను ఎరిగిన సిస్టరుగారు నైటీలో ఉండేవారు. నైటీలో ఉన్న ఫోటో ఎవరి దగ్గరా ఉండదు. నైటీలో ఉన్న మనిషిని మనం ఫోటో తియ్యం, తీస్తే కొడుతుంది కూడా. అందుకని ఇలా రాసి పెట్టుకుంటున్నాను.

విజయవాడ సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. నైటీ పేరుకే రాత్రి బట్ట. మా పటమటలో పాలప్యాకెట్టు అందుకునే వేళకి ఒంటి మీద ఉన్న నైటీ, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కూడా అలాగే ఉంటుంది. అయితే దానికో కట్టుబాటు ఉంది. ఇంట్లో ఉన్నంతసేపూ ఉత్త నైటీ. ఎవరన్నా తలుపు కొడితే పైన చున్నీ. కూరల బండి దాకా అయితే తువ్వాలు చాలు. మందుల షాపు దాకా వెళ్ళాలంటే చున్నీ వేసుకుని తల కూడా కాస్త దువ్వుకోవాలి. చున్నీకీ నైటీకీ రంగు కలవక్కర్లేదు, కలిస్తే ఎక్కడికో బయల్దేరిందని అడుగుతారు. ఈ రాజ్యాంగం ఎక్కడా రాసి లేదు, ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అందరికీ వచ్చు.

సిస్టరుగారు ఏదో మిషన్ ఆస్పత్రిలో హెడ్ నర్సుగా రిటైరై, మా ఎదురు ఫ్లాటు కొనుక్కుని ఒంటరిగా దిగారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరన్నా అడిగితే "డ్యూటీ దొరికింది, పెళ్ళికొడుకు దొరకలేదు" అని తేల్చేసేవారు. పొడుగ్గా, నల్లగా, గట్టిగా ఉండేవారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన మచ్చలు బుగ్గల మీద అలాగే ఉన్నాయి. జుట్టు మొత్తం తెల్లబడినా రంగు వేసుకోలేదు. బొట్టు లేదు, పువ్వు లేదు, బంగారం లేదు. ఎడమచేతికి మాత్రం మగవాళ్ళు పెట్టుకునే పెద్ద గడియారం, వదులుగా.

ఆవిడ నైటీలన్నీ ముదురు రంగు కాటనువి, మోచేతుల దాకా వదులు చేతులతో ఉండేవి. కొని తెచ్చిన రోజే రెండు పక్కలా రెండు పెద్ద జేబులు కుట్టుకునేవారు. ఒకదాంట్లో తాళాలు, ఫోను. ఇంకోదాంట్లో రుమాలు, పిప్పరమెంట్లు. జేబుల విషయంలో ఆవిడకో పాత కోపం ఉంది.

"ఆస్పత్రిలో మగ నర్సులకి ప్యాంటూ చొక్కా ఇచ్చారమ్మా. ఎటు చూసినా జేబులే. మాకేమో చీర. కత్తెర, పెన్ను, థర్మామీటరు ఎక్కడ పెట్టుకోవాలి? నడుం దగ్గర దోపుకుని పరిగెత్తేవాళ్ళం. జాకెట్టుకి జేబు పెట్టుకుంటామని మేట్రన్‌గారిని అడిగితే, చూడ్డానికి బాగోదంది. ఎవరు చూడ్డానికండీ అన్నా. నెలంతా నైట్ డ్యూటీలు వేసేసింది."

ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా "ఎవరు చూడ్డానికండీ" దగ్గర ఆగి, జేబులో చెయ్యి పెట్టుకుని నవ్వేవారు. నేను కాలేజీలో పాఠం చెబుతాను, మార్చి నెలలో మహిళా దినోత్సవానికి ఉపన్యాసం కూడా ఇస్తాను. ఒక ఏడాది ఆ జేబు కథనే చెప్పాను. నా ఉపన్యాసాల్లో పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి విన్నది అదొక్కటే.

ఇదంతా విని ఆవిడ మర్యాద లెక్కచెయ్యని మనిషనుకుంటే పొరపాటే. ఎవరు బెల్లు కొట్టినా చున్నీ వేసుకోకుండా తలుపు తీసేవారు కాదు. గ్యాసు అబ్బాయి గుమ్మంలో నిలబడి ఎంత అరిచినా "ఆగు నాయనా, గుడ్డ వేసుకోనీ" అని లోపల్నించే చెప్పేవారు. ఆదివారం చర్చికి లేత రంగు చీర కట్టుకుని, పమిట తల మీద కప్పుకునేవారు. నా జీన్సు, చేతులు లేని కుర్తీ చూసి ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. నేనే ఉండబట్టలేక, తల మీద ముసుగెందుకని ఒకసారి అడిగాను.

"దేవుడి ముందు కప్పుకుంటా. అది నాకూ ఆయనకీ ఉన్న లెక్క. మధ్యలో నిన్ను కప్పుకోమన్నానా? లేదుగా. మరి నన్ను తియ్యమని నువ్వెందుకు చూస్తన్నావు?"

నేను స్కూటీ స్టార్ట్ చేశాను. ఆదివారాలు ఆవిడని చర్చి దగ్గర నేనే దింపేదాన్ని. దారిలో బెంజ్ సర్కిల్ సిగ్నలు దగ్గర ఆగితే, ఎదురుగా చర్మానికి మెరుగులు దిద్దే క్లినిక్కు హోర్డింగు ఒకటి కనిపించేది. పాలరాయి మొహంతో ఒక అమ్మాయి, "మీ అందం మీ హక్కు" అని పెద్ద అక్షరాలు. సిస్టరుగారు వెనక సీటు మీద ఒక పక్కకి కూర్చుని, ముసుగులోంచి దాన్ని శ్రద్ధగా పరీక్ష చేసేవారు.

"ఈ పిల్ల చర్మం మీద ఒక్క రంధ్రం లేదు చూశావా. చెమట ఎటు నించి పోద్దో, పాపం. వార్డులోకి ఇలాంటి మొహం వస్తే డ్యూటీ డాక్టర్ని పిలిచేవాళ్ళం."

పక్క బండ్లవాళ్ళు కూడా తలెత్తి చూసి నవ్వేవారు. నేను అద్దం ముందు నిలబడి మొహం మీది గుంటలు లెక్కపెట్టుకునే రకం. ఆ మాట విన్నాక కొన్నాళ్ళు ఆ పని మానేశాను, మళ్ళీ మొదలుపెట్టాను, అది వేరే సంగతి.

సిస్టరుగారికి ఇంకో అలవాటు ఉండేది. లిఫ్టు ఎక్కగానే గోడ వైపు తిరిగి, ఎడమచేతి వేళ్ళని గోడ మీద చీమలు పాకినట్టు పైకి నడిపించేవారు. భుజం దాకా, తల దాకా, తలపైకి. మా ఫ్లోరు వచ్చేలోగా ఎంత పైకి పోతే అంత. పిల్లలు అది చూసి వాళ్ళూ నడిపించేవారు. చాలాకాలం అదేదో కాలక్షేపం అనుకున్నాను.

ఒకరోజు చీర అంచు కుట్టుకోవడానికి సూది కావాలని ఆవిడ ఇంటికెళ్ళాను. టీవీ పక్కన గుడ్డతో కుట్టిన గుండ్రటి మెత్తటి వస్తువు ఉంది. దాని నిండా సూదులు, పిన్నులు గుచ్చి ఉన్నాయి. "భలే ఉంది సిస్టరుగారూ, పిన్నుల దిండు ఎక్కడ కొన్నారు?" అన్నాను. ఆవిడ నా వైపు చూసి, దాన్ని తీసి, నైటీ మీద ఎడమ వైపు ఛాతీకి ఆనించి పట్టుకున్నారు. అప్పుడు చూశాను. చున్నీ కింద ఆ పక్క చదునుగా ఉంది.

"రిటైరయ్యే ముందు తీసేశారమ్మా. క్యాన్సరు. మా చెల్లెలు గన్నవరం నించి ఇది పట్టుకొచ్చింది, లోపల పెట్టుకుంటే ఎవరికీ తెలీదక్కా అని. రెండు రోజులు పెట్టుకున్నా. చెమట, దురద. అయినా లేనిదాన్ని ఉన్నట్టు మొయ్యడం ఎవరి కోసమా అనిపించింది. సూదులకి బాగా పనికొస్తంది."

ఆ గోడ మీద వేళ్ళు నడిపించడం ఆపరేషన్ అయినవాళ్ళు చెయ్యాల్సిన కసరత్తు. ఆ చెయ్యి కదపకపోతే వాస్తుంది. బిగుతు జాకెట్టు వేసుకున్నా వాస్తుంది. చర్చికి కట్టే చీర కూడా, జాకెట్టు ఎడమ చెయ్యి విప్పి వదులుగా కుట్టించుకుని, ఎలాగో ఆ పూట ఓర్చుకునేవారు. ఇంటికి రాగానే నైటీ. రోజూ సాయంత్రం చెయ్యి ఊపుకుంటూ సెల్లార్లో, గేటు దాకా, మళ్ళీ వెనక్కి నడిచేవారు. డాక్టరు చెప్పిన మందుల్లో ముఖ్యమైనది ఆ నడక.

"ఎవరికీ చెప్పకు" అని మాత్రం అన్నారు. "సిగ్గుపడి కాదు. చెబితే కనపడ్డప్పుడల్లా మొహాలు జాలిగా పెడతారు. ఉద్యోగంలో ఆ మొహాలు చూసీ చూసీ ఉన్నా." ఇప్పుడు ఏ జాలిమొహమూ ఆవిడ చూడాల్సిన పని లేదు కాబట్టి రాస్తున్నాను.

అప్పుడే మా బిల్డింగుకి కొత్త రంగులు వేయించారు. సెల్లార్లో టైల్సు పరిచారు, లిఫ్టులో అద్దం పెట్టించారు. ఇదంతా మా అసోసియేషన్ ప్రెసిడెంటుగారి పూనిక. ఆయన చెడ్డవాడేం కాదు. నీళ్ళ ట్యాంకరు రాకపోతే తనే రోడ్డు మీదికెళ్ళి అడ్డంపడి పట్టుకొచ్చే మనిషి. కానీ రంగులు ఆరాక ఆయన చూపు మారింది. ఎవరో ఫ్లాటు కొందామని చూడటానికి వచ్చి, సెల్లార్లో నైటీల్లో నిలబడి కబుర్లు చెప్పుకుంటున్న ఆడవాళ్ళని చూసి మొహం చిట్లించారట. వారం తిరక్కుండా లిఫ్టు పక్కన నోటీసు వెలిసింది. అపార్ట్‌మెంట్ గౌరవాన్ని దృష్టిలో ఉంచుకుని, మహిళలు లిఫ్టులోనూ సెల్లార్లోనూ గేటు వద్దనూ నైటీలతో సంచరించరాదని మనవి.

మొదటి దెబ్బ నాంచారమ్మకి తగిలింది. మా వాచ్‌మన్ భార్య. అవనిగడ్డ వైపు మనిషి. సెల్లార్లోనే ఒక గదిలో కాపురం, పొద్దస్తమానం నైటీ మీద తువ్వాలేసుకుని మెట్లు కడగడం, చెత్త మోయడం. మర్నాటి నుంచి చీర బిగించి, కుచ్చిళ్ళు ఎగదోపుకుని తడి మెట్ల మీద కూర్చుని తోమసాగింది. "చీర తడిసి కాళ్ళకి చుట్టుకుంటందమ్మా. ఇల్లు కూడా సెల్లార్లోనే గదా, మరి నేనింట్లో ఉన్నట్టా, బైట ఉన్నట్టా?" అని నన్నడిగింది. నోటీసు మళ్ళీ చదివి చూశాను, అందులో ఆ సంగతి లేదు.

నైటీతో ఎవరు దిగినా ఆపమని వాచ్‌మన్‌కి చెప్పారు. అతని ఉద్యోగానికి ఎసరొస్తుందని సిస్టరుగారు కిందికి దిగడం మానేశారు. వాళ్ళింట్లో డైనింగ్ టేబులు చుట్టూ తిరిగేవారు. నాలుగు అడుగులకో మలుపు, గోడ, కుర్చీ. వారం తిరిగేసరికి చెయ్యి మణికట్టు దాకా ఉబ్బింది. గడియారం తీసి కుడిచేతికి పెట్టుకున్నారు. అది చూశాక నేను ఆగలేకపోయాను.

"నేను ప్రెసిడెంటుగారితో ఒక్క మాట చెప్తాను సిస్టరుగారూ. మీకు ఆపరేషన్ అయిందంటే ఆయన మనిషే గదా, వెంటనే మిమ్మల్ని వదిలేస్తారు."

"నన్ను వదిలేస్తారు. నాంచారమ్మకి ఏ జబ్బు చూపిస్తావు?"

ఆవిడ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"వినమ్మాయ్. జబ్బుమనిషి కదా పోనీలే అని ఒప్పుకున్నారనుకో, జబ్బు లేనోళ్ళు వేసుకోకూడదనే కదా అర్థం. నైటీ ఏమన్నా కట్టా, బ్యాండేజా? బట్ట. నాకు నెప్పి లేకపోయినా వేసుకుంటా. అదడగాలంటే ఆపరేషన్ మాట పైకి రాకూడదు. వచ్చిందా, మాటంతా దాని మీదికి పోద్ది."

"మరి మీ చెయ్యి?"

"చెయ్యి నాది. ఆదివారం మీటింగు పెట్టమన్నాగా."

ఆదివారం చర్చి నుంచి ఆవిడని తీసుకొచ్చేసరికి సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. కుర్చీల్లో మగవాళ్ళు కూర్చున్నారు, వాళ్ళ భార్యలు వెనక స్కూటర్ల దగ్గర నిలబడ్డారు. ఎవరూ అలా నిలబడమనలేదు, ఎప్పుడూ అలాగే. మా అసోసియేషన్లో ఫ్లాటుకి ఒక ఓటు, ఫ్లాటు ఎవరి పేరున ఉంటే వాళ్ళది. నేను ఉన్నది అద్దెకి కాబట్టి నాకూ లేదు. సొంత పేరున ఫ్లాటున్న ఆడమనిషి సిస్టరుగారొక్కరే. చీర, ముసుగుతో అలాగే వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

ప్రెసిడెంటుగారి మొహం విప్పారింది. "చూడండి సిస్టర్‌గారూ, ఇప్పుడెంత హుందాగా ఉన్నారండీ మీరు. మేము కోరేదీ ఇదే కదండీ. కిందికొచ్చేటప్పుడు ఇలా వస్తే సరిపోయె."

సిస్టరుగారు కాసేపు ఆయన్ని చూసి, "ఒక్క నిముషం కూర్చోండి, ఇప్పుడే వస్తా" అని లేచి లిఫ్టు ఎక్కారు. అందరూ ఆవిడ ఏదో మరిచిపోయారనుకుని మోటారు రిపేరు సంగతి మాట్లాడుకోసాగారు. లిఫ్టు తలుపు మళ్ళీ తెరుచుకుంది. సిస్టరుగారు మెరూన్ రంగు నైటీలో, మీద ఆకుపచ్చ చున్నీతో దిగి, నింపాదిగా నడిచొచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు.

"ఇందాక మీరు మాట్లాడింది చీరతోనండీ. ఇప్పుడు నాతో మాట్లాడండి."

స్కూటర్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకున్నారు. "అది కాదండీ మేడమ్. పదిమంది తిరిగే చోటు. కాస్త మర్యాదగా ఉంటే..."

"మర్యాద గురించే మాట్లాడదామండీ. మెడ దగ్గర్నించి మడమ దాకా గుడ్డే. ఇందులో మీకేం కనపడతందో చెప్పండి. చీర కడితే నడుం కనపడుద్ది, వీపు కనపడుద్ది. మీరు పొద్దున్నే వాకింగుకి వేసుకొచ్చే నిక్కరు మోకాలు దాకా కూడా రాదు. నేనేమన్నా నోటీసు పెట్టానా?"

ఈసారి మగవాళ్ళు కూడా నవ్వారు. ప్రెసిడెంటుగారు ఎర్రబడ్డారు. "సిగ్గూ బిడియం గురించి కాదండీ నేననేది. బిల్డింగుకొక లుక్కు ఉంటది గదా. వచ్చినోళ్ళు చూస్తే బాగుండాలి."

"ఆ మాటేదో ముందే అనొచ్చుగా. గౌరవం అని రాశారు. వారం నించి నా గౌరవం ఎక్కడ జారిపోయిందా అని వెతుక్కుంటన్నా. లుక్కు కోసమైతే గోడలకి రంగులేయించారు, బాగుంది, సంతోషం. మమ్మల్ని కూడా గోడల్లో కలిపేస్తే ఎలాగండీ? మేము ఇక్కడ కాపురముంటన్నాం."

ప్రెసిడెంటుగారు ఇంకేదో అంటున్నారు. నా కళ్ళు మాత్రం ఆవిడ ఉబ్బిన చేతి మీదే ఉన్నాయి. ఒక్క మాట. ఒక్క మాట చెబితే ఈ కుర్చీలన్నీ తలలు దించుకుంటాయి. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. "అసలు సిస్టరుగారికి..." అన్నాను. సిస్టరుగారు ఇటు తిరక్కుండానే ఆ వాచిన చేత్తోనే నా మణికట్టు పట్టుకుని కిందికి లాగారు. రోగిని మంచం మీద కూర్చోబెట్టే పట్టు అది. కూర్చున్నాను.

"సిస్టరుగారికి మంచినీళ్ళు కావాలంట" అన్నారావిడ. నాంచారమ్మ గ్లాసు తెచ్చి ఇచ్చింది.

నోటీసు ఉండాలా వద్దా అని ఓటింగు పెట్టారు. చేతులు లేచాయి. వ్యతిరేకంగా లేచింది ఒక్క చెయ్యి, అదీ పూర్తిగా పైకి లేవలేదు, భుజం దగ్గరే ఆగిపోయింది. ఆవిడ ఎడమచెయ్యే ఎత్తారు, నాకు తెలుసు, కావాలనే ఎత్తారు. ఓడిపోయాం. ఓడిపోయి కూడా అంత గర్వంగా నేనెప్పుడూ కూర్చోలేదు. ఆవిడ కుర్చీ వెనక్కి జరిపి లేచి, "నోటీసుకి చెయ్యెత్తినోళ్ళలో నైటీ వేసుకునేవాళ్ళు ఎవరూ లేరండీ. అది కూడా రాసుకోండి" అన్నారు. తరవాత ప్రెసిడెంటుగారి దగ్గరికెళ్ళి నెమ్మదిగా, "రేపు సాయంత్రం నించి నడకకి దిగుతానండీ. వాచ్‌మన్‌ని ఇందులోకి లాగొద్దు. ఆపాలంటే మీరే వచ్చి ఆపండి" అని చెప్పి పైకొచ్చేశారు.

మర్నాడు సాయంత్రం ఆవిడ వెనకాలే నేనూ దిగాను. లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి ప్రెసిడెంటుగారు నిజంగానే ఎదురుగా నిలబడి ఉన్నారు.

"నిన్ననే కదండీ తీర్మానం చేసుకున్నాం."

"చేసుకున్నారండీ. నేను చేసుకోలేదు. కాస్త పక్కకి జరుగుతారా, చీకటి పడితే దోమలు."

ఆయన జరగలేదు, ఆవిడ కదల్లేదు. లిఫ్టు తలుపు మూసుకోబోయి, ఆవిడ కాలు అడ్డం ఉండేసరికి మళ్ళీ తెరుచుకుంది. అలా కాసేపు అది మూసుకోబోతూ తెరుచుకుంటూ ఉంది. చివరికి పైనుంచి ఎవరో లిఫ్టు కోసం గట్టిగా కేకేశారు, ఆయన పక్కకి జరిగారు. ఆవిడ చెయ్యి ఊపుకుంటూ గేటు దాకా నడిచి, తిరిగొచ్చి, మళ్ళీ నడిచారు. ఆ నోటీసు గోడ మీదే ఉండిపోయింది. తీసెయ్యమని ఎవరూ అనలేదు, పాటించమనీ ఎవరూ అనలేదు. కొన్నాళ్ళకి నాంచారమ్మ నైటీ మీద తువ్వాలేసుకుని దాని కిందే మెట్లు కడుక్కోవడం చూశాను. సిస్టరుగారి గడియారం మళ్ళీ ఎడమచేతికి వచ్చింది.

ఇక చెప్పాల్సింది ఒక్కటే ఉంది. ఇది రాయొచ్చా అని ప్రెసిడెంటుగారి భార్యనే అడిగాను. ఆవిడని నేను అక్కా అంటాను. "రాయి, పేరు మాత్రం వద్దు" అన్నారు.

మీటింగైన కొన్ని నెలలకి, ఒక మధ్యాహ్నం, సిస్టరుగారు ఇచ్చిన చేపల పులుసు గిన్నెలో గోంగూర పచ్చడి పెట్టి తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. ఇద్దరం వంటింట్లో ఉండగా బెల్లు మోగింది. అక్క. నైటీ మీద చున్నీ రెండు చేతులతో ఛాతీకి అదిమి పట్టుకుని ఉన్నారు. నన్ను చూసి వెనక్కి తిరగబోయి, మళ్ళీ ఏమనుకున్నారో లోపలికొచ్చి తలుపు గడియ పెట్టారు.

"మీకొకటి చూపించాలండీ" అన్నారు సిస్టరుగారితో.

సిస్టరుగారు చేతులు కడుక్కుని, తుడుచుకుని, చల్లగా ఉన్నాయేమోనని కాసేపు రుద్దుకుని, అక్కని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. నేను అటు తిరిగి నిలబడ్డాను.

"ఎన్నాళ్ళయిందమ్మా ఈ గడ్డ?"

"దసరాకి ముందు స్నానంలో చూసుకున్నానండీ. తగ్గుద్దిలే అనుకున్నా."

"మీ ఆయనకి చెప్పారా?"

"ఎట్లా చెప్పనండీ. చెబితే ఆస్పత్రంటారు. ఎవరో మగ డాక్టరుకి ఒళ్ళు చూపించాలి. అది తలుచుకుంటేనే చచ్చిపోతే బాగుండుననిపిస్తంది."

"మరి నా దగ్గరికెట్లా వచ్చారు?"

అక్క చున్నీ సర్దుకున్నారు. "లిఫ్టులో మీరు గోడ మీద వేళ్ళు నడిపిస్తారు గదండీ. మా పిన్నికి ఆపరేషన్ అయినప్పుడు అలాగే చేసేది. మీ సంగతి నాకు మీటింగుకి ముందే తెలుసు. ఆ రోజు మీరొక్క మాట చెప్పుంటే మా ఆయన నోరు పడిపోయేది. స్కూటర్ల దగ్గర నిలబడి, ఇప్పుడు చెప్తారు, ఇప్పుడు చెప్తారు అని చూస్తన్నా. మీరు చెప్పలేదు. ఓడిపోయారు గానీ చెప్పలేదు. గెలవడానిక్కూడా మీ సంగతి బైటపెట్టుకోని మనిషి నా సంగతి ఎవరితోనూ అనదనిపించింది. ధైర్యం కూడగట్టుకోడానికే ఇన్నాళ్ళు పట్టింది."

సిస్టరుగారు కళ్ళద్దాలు తీసి చున్నీ అంచుతో తుడుచుకున్నారు. ఆవిడ కళ్ళు తడవడం నేను చూసింది అదొక్కసారే. తరవాత జేబులోంచి ఫోను తీసి, తనకి ఆపరేషన్ చేసిన డాక్టరమ్మకి చేసి, ఇప్పుడే వస్తున్నామని చెప్పారు.

"డాక్టరు ఆడమనిషే. పక్కన నేనుంటా. పద."

"చీర కట్టుకుని వస్తానండీ."

"కట్టుకుంటే మళ్ళీ కూర్చుండిపోతావు. పద ఇట్లాగే."

నన్ను ఆటో పిలిచి, తను వచ్చేదాకా ఇల్లు చూసుకోమన్నారు. ముగ్గురం కిందికి దిగాం. గేటు దగ్గర ప్రెసిడెంటుగారు ఎలక్ట్రీషియన్‌తో లైటు పెట్టిస్తున్నారు. నైటీలో, చున్నీలో, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా నడిచొస్తున్న భార్యని చూసి ఆయన నోరు తెరిచారు.

"ఏంటిది? ఎక్కడికి?"

"ఆస్పత్రికండీ. సిస్టరుగారితో వెళ్తన్నా. వచ్చాక చెప్తాను" అన్నారు అక్క. ఆగలేదు. ఆయన ముందు ఆగకుండా అక్క నడవడం నేనెప్పుడూ చూడలేదు, బహుశా ఆయనా చూడలేదు.

ఆయన సిస్టరుగారి వైపు చూశారు. ఆవిడ తల చిన్నగా ఊపారు. ఆ ఊపులో ఏం కనిపించిందో, ఆయన చేతిలో ఉన్న టెస్టరు ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చేసి, ఆటో లోపలికొచ్చి తిరగడానికి వీలుగా గేటు రెండో రెక్క కూడా తీసి పట్టుకున్నారు.

గడ్డ చిన్నగా ఉండగానే దొరికింది. అక్క ఇప్పుడు బాగున్నారు, మొన్న సిస్టరుగారి సమాధి దగ్గర నా పక్కనే నిలబడ్డారు. కానీ నాకు గుర్తొచ్చేది ఆ మధ్యాహ్నమే. ఆటోలో ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరూ నైటీల్లోనే, ఒకరి చేతిలో ఒకరి చెయ్యి. సిస్టరుగారు ముందుకి వంగి ఆటో అతనితో, "గుంతల్లో మెల్లగా పోనీ నాయనా" అని చెబుతున్నారు. గేటు దగ్గర నిలబడి వాళ్ళని చూస్తుంటే, ఆవిడ ఎదురింట్లో ఉంటున్నందుకు నాకు గర్వంగా అనిపించింది.